బాపమ్మ గడియ పెట్టిన తలుపు

రేపటి సంది అంతా బంద్ అని టీవీల చెప్పిన సాయంత్రం, కరీంనగర్‌ల మా గల్లి మూల మీది కిరాణా దుకాణం కాడ మనిషి మీద మనిషి పడ్డరు. నా కొడుకు బండి మీద రెండుసార్లు పోయి వచ్చిండు. బియ్యం బస్తా, నూనె పాకెట్లు, కందిపప్పు, గోధుమపిండి, సబ్బులు, మూతికి కట్టుకునే మాస్కులు, చేతులకు రాసుకునే మందు సీసాలు తెచ్చిండు. కోడలు అన్నీ వంటింట్ల కింద పరిచి డబ్బాలల్ల పోసుకుంట, "అత్తమ్మా, పెద్దోళ్లు మీరు. ఇంకేమన్న మర్చిపోయినమా, జర చూడున్రి" అన్నది.

ఎండు మిరపకాయల సంచి మూతి విప్పి ఉన్నది. ఆ ఘాటు, దాని పక్కన కొత్త చింతపండు పులుపు వాసన, రెండూ కలిసి ముక్కుకు తగిలినయి. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్న.

"ఏమైందత్తమ్మా?" అని కోడలు లేచింది.

"ఏం కాలే బిడ్డా, మిరపకాయల ఘాటు" అని ముందర అర్రలకు వచ్చి కూసున్న.

నాకు ఎనిమిదేండ్లు ఉన్నప్పుడు, ఒక ఎండకాలం మా ఇంట్ల సుత ఇట్లనే సామాను నింపిన్రు. ఆ సంగతి నేను కోడలికి గాదు, నా కడుపుల పుట్టినోళ్లకు సుత ఎన్నడూ చెప్పలే.

మాది మగ్గం ఇల్లు. మానేరు ఒడ్డున ఉండే ఊరు. పల్లె అంటే పల్లె కాదు, పట్నమంటే పట్నం కాదు. పొద్దుగాల లేస్తే వాడంతా మగ్గాల చప్పుడే. నూలుకు గంజి పట్టించి, బజార్ల ఈ చివర నుంచి ఆ చివరదాక సాగదీసి, ఆడోళ్లు మొగోళ్లు కలిసి కుంచెలతోని రుద్దేటోళ్లు. ఆ పులిసిన గంజి వాసన మా బట్టలకు, జుట్టుకు, తినే బువ్వకు సుత పట్టి ఉండేది. ఇప్పుడు ఆ వాడల కరెంటు మగ్గాలున్నయి. వాటి మోతల పక్కమనిషి మాట వినరాదు. కుంచె పట్టినోళ్లు ఒక్కలు మిగల్లే.

ఇంట్ల పెత్తనం బాపమ్మది. బాపమ్మ అంటే మా నాయనమ్మ, బాపు తల్లి. పొట్టి మనిషి. గోచి పెట్టి కట్టిన నేత చీర, చెవులకు బరువు గంటీలు. పొద్దూకంగ అరుగు మీద కూసొని చుట్ట తాగేది. ఏడుగురిని కన్నది. మిగిలింది ఇద్దరు, మా బాపు, ఆయన చెల్లె. పోయినోళ్ల ముచ్చట ఎన్నడూ ఎత్తకపోయేది. ఒక్కసారి మాత్రం, నేను జొన్న గట్క తిననని మొండికేస్తే, నా ముందర కూసొని మెల్లగ అన్నది:

"ఎన్కటి గత్తరల నా పోరగాండ్లు ముగ్గురు పోయిన్రు బిడ్డా. గత్తర తీస్కపోయింది ఇద్దరినే. మూడో పిల్లకు పానం మంచిగనే ఉండె. ఇంట్ల గింజ లేకుండె. దుకాణం తీసెటోడు లేకుండె. ఆకలికి పోయింది."

చెప్పి, గట్క గిన్నె నా దిక్కు జరిపింది. నేను తిన్న.

ఆ ఏడు ఎండలు ముదిరినంక, జగిత్యాల దిక్కు నుంచి వచ్చే బస్సు కండక్టరు మా బాపుకు ఒక ముచ్చట చెప్పిండు. అటు ఊర్లల్ల గత్తర, అదే కలరా, లేసిందట. వాంతులు, విరేచనాలు. పొద్దుగాల మంచిగున్న మనిషి పొద్దూకేవరకు ఉంటలేడట. బువ్వ తినుకుంట బాపు ఇది చెప్పిండు. మా మేనత్తను ఇచ్చింది ఆ దిక్కే.

బాపమ్మ చేతిల ముద్ద అట్లనే ఆగింది. "బిడ్డ ఊర్ల సుత ఉన్నదటనా?"

"అంత దూరం పోలేదట అవ్వా. ఫికర్ చెయ్యకు."

బాపమ్మ ముద్ద గిన్నెల పెట్టి, చెయ్యి కడుక్కొని లేచింది. గింజల గుమ్మి మూత తీసి లోపటికి వంగి చూసింది. ఆ దినం మొదలు ఇంటికి సామాను వస్తనే ఉండె. జొన్నలు, మక్కలు బండ్ల మీద దిగినయి. గుమ్మి నిండినంక పాత కాగులల్ల పోసిన్రు. దొడ్డుప్పు రెండు గంపలు. చింతపండును మా అవ్వ, నన్ను కన్నతల్లి, ముద్దలు చేసి కుండలల్ల అదిమి పెట్టింది. మిరపకాయలు ఎండబోస్తే వాడకట్టంత తుమ్ములే. గాసునూనె డబ్బా వచ్చింది. అగ్గిపెట్టెలు మెత్తబడకుండ జొన్నల నడుమ దాచింది బాపమ్మ. కట్టెలు, పిడకలు వసారల కప్పు దాక పేర్చిన్రు.

"గిది పెండ్లి సామానా అవ్వా?" అన్నడు బాపు నవ్వుకుంట.

"పెండ్లికైతే ఇంత అక్కరలేదు కొడుకా" అన్నది బాపమ్మ. నవ్వలే.

పచ్చి మామిడికాయలు చెక్కి, ఉప్పు, పసుపు రాసి, మిద్దె మీద ఒరుగులు ఎండబెట్టిన్రు. వాటికి కావలి నేను, మా తమ్ముడు. కాకులను కొట్టమని చేతికి కట్టె ఇచ్చిన్రు. కాకులకంటే మేమే ఎక్కువ తిన్నం. వేడి వేడి మిద్దె మీద బోర్ల పండుకొని ఒరుగు చప్పరిస్తుంటే, ఉప్పు ముందుగాల, పులుపు తర్వాత, దవడలు గుంజుకపోయేటియి. సాయంత్రం బాపమ్మ మా ఇద్దరిని నిలబెట్టి "నాలుకలు చూపెట్టున్రి" అన్నది. రెండు నాలుకలూ పసుపు పచ్చగున్నయి. మా తమ్ముడు "కాకులే తిన్నయి బాపమ్మా" అన్నడు, నాలుక బయట పెట్టుకొనే.

సూదులేసేటోళ్లు జీపుల వచ్చిన్రు. వాడల పెద్ద పెద్ద మొగోళ్లు సుత చెట్లెంట పారిపోయిన్రు. బాపమ్మ పోయి వాళ్ల ముందర కూసొని, అందరికంటే ముందుగాల తన చెయ్యి సాపింది. ఎనుకంగ మమ్ముల ఈడ్చుకపోయింది. రెండు దినాలు జరమొచ్చి మూలిగినం.

అప్పటిదాక బాపమ్మను చూసి నవ్విన వాడోళ్లు, నది ఒడ్డు వాడల ఇద్దరు పోయిన్రని తెల్వంగనే దుకాణాల మీద పడ్డరు. అప్పటికే ఉప్పు లేదు, గాసునూనె లేదు. మర్నాడు దుకాణాలే లేవు. బాపమ్మ మా పెరట్ల చేదబావి మీద చెక్కలు పరిపించింది. ప్రతి చుక్క కాగబెట్టే తాగాలె అన్నది. వేపమండలు గడపకు కట్టింది. అందరిని లోపటికి పిలిచి, ముందటి తలుపుకు గడియ పెట్టింది.

"నేను చెప్పేదాక ఈ గడియ ఎవలు తీసినా, ఆళ్ల చేతులు ఇరగ్గొడ్త" అన్నది.

మొదటి రెండు మూడు రోజులు మాకు పండుగ లెక్క ఉండె. బడి లేదు, పని లేదు. గట్క, చింతపండు చారు, ఒరుగులు. నీళ్లు మాత్రం పొగ వాసన. తర్వాత బజార్ల నుంచి డప్పు చప్పుడు మొదలైంది. రోజుకు ఒకసారి, రెండుసార్లు. డప్పు దూరమైనంక అవ్వ మా చెవుల మీది నుంచి చేతులు తీసేది. వారం పోయినంక డప్పు సుత బందయింది. చావులు ఆగలే, కొట్టేటోళ్లు లేకపోయిన్రు. మగ్గాలు ఆగిపోయినయి. మా వాడ అంత సప్పుడు లేకుండ ఉండుడు నేను ఎన్నడూ ఎరుగ.

ఒకనాడు మిట్ట మధ్యాహ్నం. నేను కిటికీ కాడ కూసొని ఉన్న. ఎండల ఒక ఆడిమనిషి చంకల పిల్లనేసుకొని మా ఇంటి దిక్కు వస్తున్నది. కాళ్లకు చెప్పులు లేవు, మోకాళ్ల దాక దుమ్ము. దగ్గరికి వచ్చేదాక గుర్తుపట్టలే. మా మేనత్త! బతుకమ్మ పండుగకు వస్తే నాకు గాజులు, నువ్వుల ముద్దలు తెచ్చే మనిషి. చంకల మూడేండ్ల బిడ్డ నిద్రపోతున్నది.

"అవ్వా! నేనే. తలుపు తియ్యే."

బాపమ్మ ఉరికొచ్చింది. గడియ మీద చెయ్యి పెట్టింది. తియ్యలే. పక్కకు జరిగి కిటికీల నుంచి బిడ్డను కింది నుంచి మీది దాక చూసింది.

"అల్లుడేడి?"

"లేడే అవ్వా. నాలుగొద్దులైంది. ఊరంతా ఇడిసి పోయిన్రు. తొవ్వ పొంటి నడిచే వచ్చిన."

బాపమ్మ కిటికీ సువ్వలు పట్టుకున్నది. "పోరికి మంచిగున్నదా?"

"మంచిగున్నదే. ఎండకు సొమ్మసిల్లింది, అంతే. తియ్యవా?"

లోపటి అర్రల నుంచి బాపు వచ్చిండు. చెల్లె గొంతు విని గడియ దిక్కు పోయిండు. బాపమ్మ తలుపుకు ఈపు ఆనించి నిలబడ్డది. అంత పొట్టి మనిషి, ఆమెను పక్కకు జరుపుడు బాపుకు ఎంత పని! కాని జరుపలే.

"అవ్వా, నీకేమన్న పిచ్చా? నా తోడబుట్టింది బయట ఎండల నిలబడ్డది."

"నీ తోడ పుట్టిందేమో. నా కడుపుల పుట్టింది" అన్నది బాపమ్మ. "లోపట నీ పిలగాండ్లు ఇద్దరున్నరు. పెరట్ల గుడిసె తెరిసే ఉన్నది. గల్లి దిక్కు నుంచి పోయి అందుల ఉండమను. పదొద్దులు. పదొద్దులైనంక నేనే కాళ్లు కడిగి లోపటికి తెస్త."

బాపు గోడకు తలకాయ కొట్టుకున్నడు. మా అవ్వ కొంగు నోట్ల కుక్కుకొని ఏడుస్తున్నది. బయట అత్త అన్నీ విన్నది. పిల్లను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకొని, గల్లి దిక్కు మళ్లింది.

పెరడు ఆ చివర మా మగ్గాల గుడిసె. లోపట గుంట మగ్గం, దాని మీద బాపు సగం నేసి ఇడిసిన చీర. అందుల ఉన్నది అత్త. బాపమ్మ దినాం రెండుసార్లు గట్క, చారు, కాగిన నీళ్లు పెరటి నడుమ బండ మీద పెట్టి ఎనుకకు వచ్చేది. అప్పుడు అత్త వచ్చి తీస్కపోయేది. మొదటి రెండొద్దులు తల్లితోని ఒక్క మాట మాట్లాడలే.

మూడో దినం ఆ పిల్ల "అమ్మమ్మా" అని చేతులు సాపుకుంట బాపమ్మ దిక్కు ఉరికొచ్చింది. బాపమ్మ గబుక్కున ఎనుకకు జరిగి, కింద ఉన్న కట్టె తీసి ఎత్తి పట్టుకున్నది. పిల్ల ఆగింది. ఆటనుకున్నదేమో, నవ్వింది. కట్టె దించకుండనే బాపమ్మ ఎనుకకు ఎనుకకు నడిచి లోపటికి వచ్చింది. వచ్చి, పొయ్యి ముందర కూసొని పొద్దూకేదాక లేవలే.

నేను ఎవలు చూడనప్పుడు వెనుక కిటికీల నుంచి ఆ పిల్లకు ఒరుగులు, బెల్లం ముక్కలు ఇసిరేదాన్ని. మన్నుల పడ్డవి ఏరుకొని తినేది. నాలుక బయట పెట్టి నాకు చూపెట్టేది. నాకు అదొక్కటే ఆట.

నాలుగో దినం పొద్దుగాల గుడిసె దిక్కు నుంచి అత్త కేక వినబడ్డది. పిల్లకు వాంతులు మొదలైనయి.

బాపమ్మ ఒక్క నిమిషం ఆలోచన చెయ్యలే. ఉప్పు కొంగుల కట్టుకున్నది. గంజి కుండ ఎత్తుకున్నది. వెనుక తలుపు కాడ ఆగి మా అవ్వ మొఖం చూసింది.

"నేను బయటికి పోతున్న పిల్లా. నా ఎనుక గడియ పెట్టు. రేపు నేనే వచ్చి తియ్యమని ఏడ్చినా తియ్యకు."

"అత్తా..." అన్నది అవ్వ.

"పెట్టు."

అవ్వ గడియ పెట్టింది.

ఆ దినమంత కిటికీల నుంచి నాకు కనబడ్డది గుడిసె గుమ్మమొక్కటే. బాపమ్మ గిన్నెలతోని బయటికి వచ్చుడు, మన్ను కప్పుడు, లోపటికి పోవుడు. పొద్దూకక ముందే అత్త గొంతు లేసింది. ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవులల్ల ఉన్నది, దాని గురించి ఇంతకంటే చెప్పలేను.

గుడిసెల పిల్లను చుట్టుదామంటే మంచి గుడ్డ లేదు. బాపు కిటికీల నుంచి అన్నడు, "మగ్గం మీదిది కొయ్యే అవ్వా." సగం నేసిన బట్టను మగ్గం మీదనే కోసుడు మా ఇంట్ల అదే మొదలు. బాపమ్మ కొడవలితోని కోసింది. తల్లీబిడ్డలు ఇద్దరే పిల్లను మానేరు ఒడ్డుకు మోసుకపోయిన్రు. మోసెటోడు, తవ్వెటోడు ఎవలు రాలే. బాపు రాలే, బాపమ్మ రానియ్యలే. నేను కిటికీ కాడ నిలబడి, మన్నుల మిగిలిన ఒక ఒరుగు ముక్కను చూసుకుంట, నేనే చంపిన్నేమో అనుకున్న. ఎనిమిదేండ్ల పిల్లను. ఎవలకు చెప్పాలె?

ఆ తర్వాత ఇంకా పన్నెండు దినాలు ఇద్దరూ గుడిసెలనే ఉన్నరు. ఇప్పుడు బండ మీద గిన్నె పెట్టుడు మా అవ్వ పని. వాళ్లిద్దరికి ఏం కాలే.

మొదటి వాన పడ్డది. గత్తర తగ్గిందన్నరు. బాపమ్మ బావి కాడ తలారా స్నానం చేసి, తలుపు తియ్యమన్నది. చెంబుల నీళ్లు పట్టుకొని గడప కాడ నిలబడి అత్తను పిలిచింది, కాళ్లు కడుగుత రమ్మని. అత్త గడప ముందటికి వచ్చింది. లోపటికి చూసింది.

"నా పోరి దాటని గడప నేను దాటనే అవ్వా" అన్నది. మూట తీసుకొని తన ఊరికి పోయింది. బాపు ఎనుక ఉరికిండు, బతిమాలిండు. రాలే.

ఇంట్ల సామాను సగానికి సగం మిగిలి ఉండె. బాపమ్మ గుమ్మి తెరిచి వాడకట్టుకు పంచింది. జొన్నలు, మక్కలు, ఉప్పు, అన్నీ. ఇచ్చేటప్పుడు ఎవల మొఖం చూడకపోయేది. తీసుకున్నోళ్లే బావి కాడ గుసగుసలు పెట్టిన్రు: కన్నబిడ్డకు తలుపు తియ్యని తల్లి, ఇది మనిషా రాయా అని. ఆ మాట బాపమ్మ చెవులనే పడ్డది చాలాసార్లు. బదులు చెప్పకపోయేది. ఆ తర్వాత మిద్దె మీద ఒరుగులు ఎండలే. వారానికి మించి గింజలు ఇంట్ల ఉండనియ్యలే. అరుగు మీద కూసొనుడు సుత మానేసింది.

ఏండ్లు గడిచినయి. నాకు పెండ్లయింది, పిల్లలైన్రు. బాపమ్మ పోయింది. ఆమె పీనుగు కాడికి అత్త వచ్చింది, బజార్ల నిలబడే ఏడ్చి పోయింది. తర్వాత చాలా కాలానికి నేను ఒకసారి అత్త ఊరికి పోయిన. ఒక్కతే ఉండేది. బీడీలు చేసుకొని బతికేది. ఒళ్లె చాట పెట్టుకొని ఆకు కత్తిరిస్తున్నది. తునికాకు వాసన ఇల్లంత. ఎదురుంగ కూసొని, అన్నేండ్ల సంది నాలోపట ఉన్నది చెప్పిన. ఒరుగులు ఇసిరింది నేనే అని, మన్నుల పడ్డవి తిన్నదని.

అత్త కత్తెర ఆపింది. "అయ్యో పిచ్చి బిడ్డా. ఇన్నేండ్లు గదే మోస్తున్నవా?" అన్నది. చాట పక్కకు పెట్టింది.

"దానికి తొవ్వల్నే విరేచనాలైనయి. రెండు సార్లు. తర్వాత ఆగినయి. మానేట్ల కడిగిన. నా కొంగు పిండుకొని మీ తలుపు కాడికి వచ్చిన. అవ్వ అడిగింది గదా, పోరికి మంచిగున్నదా అని. మంచిగున్నదని అబద్ధమాడిన. లోపట మీరిద్దరున్నరని తెలిసే, తియ్యమని అరిచిన."

నేను చాటల ఆకులు సదురుకుంట కూసున్న.

"పోరి పోయినంక గుడిసెల అవ్వ కాళ్ల మీద పడి చెప్పిన. 'నాకు గప్పుడే ఎరుక. నీ కొంగు తడి ఉండె' అన్నది. మరి ఎరుకుండి సుత గుడిసెలకు ఎందుకు రానిచ్చినవే అంటే, 'ఇంకెక్కడికి పోతవు బిడ్డా' అన్నది." అత్త కండ్లు తుడుచుకున్నది. "గీ మాట ఎవలకు చెప్పకు అన్నది. తలుపు తియ్యలేదని నన్ను అననీ, నేను పండుటాకును, నువ్వు ఇంకా మందిల బతికేదానివి అన్నది. నేను గడప దాటనిది కోపానికి కాదు బిడ్డా. ఆ గడప లోపటికి నేనేం తెస్తుంటినో నాకెరుక. ఎట్ల దాటుత?"

బాపు ఈ సంగతి తెల్వకనే పోయిండు. మా అవ్వ కూడా.

బాపమ్మను రాయి అన్నోళ్లల్ల నేను సుత ఉన్న. నోటితోని అనలే, అంతే. నా పెండ్లయి అత్తగారింటికి పోయే దినం, అందరి కాళ్లు మొక్కిన. అవ్వకు, బాపుకు, వాడల పెద్దోళ్లకు, ముక్కు మొఖం తెల్వనోళ్లకు సుత. బాపమ్మ గోడకు ఆనుకొని నిలబడి ఉండె. నేను దగ్గరికి వస్తుంటే చీర కుచ్చెళ్లు జర పైకి పట్టుకొని, మొక్కుతనని కాళ్లు ముందుకు పెట్టింది. నేను ఆమె పక్క నుంచి పోయి బండెక్కిన.

బండి కదిలినంక ఎనుక నాలుగడుగులు నడిచి వచ్చిందట. మా తమ్ముడు చెప్పిండు. నేను మళ్లి చూడలే.